ఓడలకో అర్జీ

మా వీధిలో ఎవరికి అర్జీ కావాలన్నా నా దగ్గరికే వస్తారు. ధర్మవరంలో మాది మగ్గాల వీధి. వానకు మగ్గం గుంటలోకి నీళ్లు వస్తే అర్జీ, పట్టు ధర పెరిగితే అర్జీ, ముసలివాళ్ల పింఛను ఆగిపోతే అర్జీ. నేను ఇంటర్ దాకా చదివాను. నా అక్షరం గుండ్రంగా ఉంటుంది. పైగా అర్జీలో ఎక్కడ తగ్గాలో ఎక్కడ గట్టిగా అడగాలో నాకు తెలుసు. అర్జీలో ఏడవకూడదు. ఇంట్లో ఎంతమంది తింటారో చెప్పాలి, ఎన్నాళ్లుగా పని లేదో చెప్పాలి, ఒకే ఒక్క కోరిక కోరాలి. రెండు కోరితే ఆఫీసులో రెండూ పక్కన పెట్టేస్తారు. ఇవన్నీ నాకెవరూ నేర్పలేదు, చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. మగ్గం మీద ఉన్నప్పుడు ఎవరైనా తెల్లకాగితం పట్టుకుని గడపలో నిలబడితే విసుక్కుంటాను. విసుక్కుంటూనే లేచి రాసిస్తాను.

అలాంటిదాన్ని, కట్టుకున్నవాడు అడిగిన ఒక్క అర్జీ మాత్రం రెండు నెలలు రాయకుండా తిప్పించుకున్నాను.

మా ఆయన ఓడలో పని చేస్తాడు. సరుకులు మోసే ఓడ కాదు, మనుషులు షికారుకు పోయే ఓడ. అందులో ఈత కొలనులుంటాయట, సినిమా హాళ్లుంటాయట, ఒక ఊరికి పట్టేంత జనం ఉంటారట. ఆ జనం పడుకునే గదుల్లో పక్కలు సర్దడం, తువ్వాళ్లు మార్చడం ఆయన పని. అంతకుముందు ఇక్కడే ఒక పట్టుచీరల అంగడిలో చీరలు మడతపెట్టేవాడు. మడతపెట్టడం అంటే తేలిగ్గా తీసుకోకండి. చీర కొనడానికి వచ్చినవాళ్లు యాభై చీరలు విప్పించి ఒక్కటీ కొనకుండా లేచిపోతారు. ఆ యాభై చీరలూ జరీ నలగకుండా, మొదట ఏ మడత మీదున్నాయో ఆ మడతకే తేవాలి. మా ఆయన చేతికి ఆ గుణం పుట్టుకతో వచ్చింది. ఓడలో ఆ చేత్తోనే తువ్వాళ్లను ఏనుగుల్లా, కుందేళ్లలా మడిచి పక్క మీద పెడతాడు. దొరలు ఫోటోలు తీసుకుంటారట.

ఆయన నాకు మేనత్త కొడుకే. హిందూపురం అత్త కొడుకు. చిన్నప్పటి నుంచీ బావా అనే పిలుపు, పెళ్లయ్యాక కూడా అది మారలేదు. పెళ్లయిన రెండో ఏట బావ బొంబాయి పోయి ఓడ కంపెనీ ఏజెంటు దగ్గర సంతకం పెట్టాడు. అక్కడి నుంచి హిందూపురం వచ్చి వాళ్లమ్మకు చెప్పాడు. ఆఖరున ధర్మవరం వచ్చి, పేడాల డబ్బా నా చేతిలో పెట్టి, నాకు చెప్పాడు. సంతకం పెట్టి వచ్చినవాడిని ఏమనాలి? మంచిదే అన్నాను. అప్పటి నుంచి అదే వరస. తొమ్మిది నెలలు సముద్రం, రెండు నెలలు ఇల్లు. ఆ రెండు నెలలు అయిపోయే లోపల మళ్లీ ఎక్కడో సంతకం పడిపోతుంది, నాకు తారీఖు మాత్రం తెలుస్తుంది. అట్లా పన్నెండేళ్లు గడిచాయి. మా పాప నాన్నను గుర్తుపట్టడానికి ప్రతిసారీ ఒకటి రెండు రోజులు తీసుకునేది.

తర్వాత కరోనా వచ్చింది. లోకంలో మొదట ఆగిపోయినవాటిలో ఆ ఓడలు కూడా ఉన్నాయి. ఏ రేవూ వాటిని రానివ్వలేదు. ప్రయాణికులను ఎట్లాగో దింపేశారు, పనివాళ్లను మాత్రం వారాల తరబడి నీళ్ల మీదే ఉంచారు. ఆ రోజుల్లో నేను నేసిన చీరలో ఎన్ని పోగులు తెగాయో నాకే తెలుసు. చివరికి బావ ఇల్లు చేరినప్పుడు నేనూ పాపా వీధి మొదట్లోకి ఎదురు పోయాం. మనిషి సన్నబడిపోయాడు. మాస్కు కింద నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు.

వచ్చిన మర్నాడు పొద్దున ఒక తమాషా జరిగింది. నేను లోపలి గదిలో పాప తల దువ్వుతున్నాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. ఎవరో మూడుసార్లు మెల్లగా కొట్టారు. తర్వాత, “హౌస్ కీపింగ్!” అని వినిపించింది. పాపా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తలుపు తీస్తే బావ, చేతిలో ఉతికిన దుప్పటితో నిలబడి ఉన్నాడు. తన ఇంట్లో తన గది తలుపు తానే కొట్టి నిలబడ్డాడు. ఓడలో గదుల తలుపులు కొట్టే అలవాటులో చేశాడు. నాకు కడుపుబ్బ నవ్వొచ్చింది, బావ కూడా నవ్వాడు. వారం గడిచినా అతను తలుపు కొట్టడం మానలేదు. అప్పటికి నాకు నవ్వు రావడం ఆగిపోయింది.

అయినా నిజం చెప్పాలి. లోకమంతా ఏడుస్తున్న ఆ నెలల్లో నేను సంతోషంగా ఉన్నాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. వీధిలో సగం మగ్గాలు నిలిచిపోయాయి, చీరలు అమ్ముడుపోక అంగళ్లలో పడి ఉన్నాయి, రెండు మూడిళ్లలో చావులు కూడా అయ్యాయి. నేను ఆ ఇళ్లకు పోయి వాళ్లతో పాటు ఏడ్చి, ఇంటికొచ్చి, బావ గడప మీద కూర్చుని నాకోసం కండెలకు పట్టు చుడుతుంటే చూసి లోలోపల పొంగిపోయేదాన్ని. మధ్యాహ్నం అన్నం ఇద్దరం కలిసి తినేవాళ్లం. బావ ఓడెక్కిన తర్వాత ఒకే ఏడాది వినాయక చవితి, దసరా, దీపావళి మూడింటికీ అతను ఇంట్లో ఉండడం అదే మొదలు.

అట్లాంటి ఒక మధ్యాహ్నం బావ ఫోను తెచ్చి నా ముందు పెట్టాడు. ఓడల్లో పనిచేసేవాళ్లంతా కలిసి ఒక గ్రూపు పెట్టుకున్నారు. కంపెనీల దగ్గర డబ్బు అయిపోతోందని, కొన్ని ఓడలను పాత ఇనుముకు అమ్మేస్తున్నారని, ఇట్లాగే ఉంటే పనులన్నీ పోతాయని అందులో ఒకటే మాట. ఓడ కంపెనీలను ప్రభుత్వాలు ఆదుకోవాలా వద్దా అని పై దేశాల్లో వాదన నడుస్తోందట. అందుకని పనివాళ్ల ఇళ్లలోవాళ్లు ఆదుకోమని తలా ఒక ఉత్తరం రాస్తే, అన్నీ ఒక కట్టగా చేసి ఆ ప్రభుత్వాలకు పంపుతారట.

“మన ఇంటి నుంచి నువ్వు రాయల్ల,” అన్నాడు బావ. “నీ మాదిరి ఎవరూ రాయలేరు.”

నేను నేత ఆపి, పోగును అటూ ఇటూ నడిపే నాడె పక్కన పెట్టాను. “బావా, నీ ఓడ ఏ దేశంది?”

“జెండా ఏదో దీవిదిమే. ఆ దీవిని నేను ఒక్కసారి కూడా చూడల్యా.”

“ఆఫీసు?”

“అది అమెరికాలో ఉండాది.”

“ఓడ కట్టింది?”

“ఇటలీలో కట్టినారంట.”

“పన్ను యాడ కడతారు?”

బావ తల గోక్కున్నాడు. “అది నాకెట్ల తెలుస్తాది? నేను తువ్వాళ్లు మార్చేవాన్ని.”

“నాకు తెలుసు, పేపర్లో చదివినా. పన్ను యాడ తక్కువుంటే ఆ దేశం జెండా కట్టుకుంటారు. లాభాలొచ్చినప్పుడు ఏ దేశమూ అక్కర్లేదు. ఇప్పుడు నష్టం రాంగానే అన్ని దేశాలూ కావాల్నా? మా వీధిలో నేసేవాళ్లు ఓట్లు ఈడ్నే ఏస్తారు, పన్నులు ఈడ్నే కడతారు. వీళ్లకు సాయం రావాలంటే ఎన్ని తూర్లు తిరగల్లో నువ్వే చూస్తాండావు గదా. అంతంత ఓడలు కొన్నోళ్లకు సాయం చేయమని నేను రాయాల్నా?”

బావ కోపం తెచ్చుకునే మనిషి కాదు. “నువ్వు చెప్పేది నిజమే,” అన్నాడు. “కానీ ఓనరుకు ఏమీ కాదుమే. ఆయన ఇంకో యాపారం చూసుకుంటాడు. ఓడ అడుగున వంటింట్లో ఉర్లగడ్డలు ఒలిచేవాళ్లుండారు, గుడ్డలు ఉతికేవాళ్లుండారు. ఓడ రేవుకొస్తే ఆడ గవ్వల దండలమ్మేవాళ్లుండారు. ఓడ పోతే వాళ్లు పోతారు.”

“ఆలోచిస్తాలే,” అన్నాను. ఆలోచించేదేమీ లేదని నాకు తెలుసు. నేను చెప్పిన వాదనంతా సబబే, ఇప్పటికీ అందులో ఒక్క మాట వెనక్కి తీసుకోను. కానీ నేను రాయకపోవడానికి కారణం అది కాదు. ఆ ఓడలు మునగక్కర్లేదు, పాపం ఎవరికీ ఏమీ కాకూడదు, ఉత్తినే అట్లా ఆగిపోయి ఉంటే చాలు, నా మొగుడు నా ఇంట్లో ఉంటాడు. నా మనసులో ఉన్నది ఇంతే. ఇంత చిన్న స్వార్థానికి అంత పెద్ద న్యాయం తోడు దొరికేసరికి నాకు భలే కలిసొచ్చింది.

రెండు మూడు రోజులకోసారి బావ అడిగేవాడు. ఒకరోజు చీర కోత దగ్గరికొచ్చింది, మగ్గం దిగలేను అనేదాన్ని, ఒకరోజు పాపకు ఫోన్లో క్లాసు అనేదాన్ని. మధ్యలో వీధివాళ్లకు మాత్రం నాలుగు అర్జీలు రాసిపెట్టాను. బావ అది చూస్తూనే ఉన్నాడు.

అంతలో అత్తకు కంటి ఆపరేషన్ అయిందని తెలిసి, పాపను మా అమ్మ దగ్గర వదిలి, ఇద్దరం బైకు మీద హిందూపురం బయల్దేరాం. పెనుకొండ దగ్గరకొచ్చేసరికి బావ బండి ఆపి, “దర్గాకు పోయి వద్దామా?” అన్నాడు. మా ఇళ్లలో ఏ మంచీ చెడ్డకైనా పెనుకొండ దర్గాకు పోయి చక్కెర చదివించడం అలవాటు. పొట్లం ముజావరు చేతికిస్తే ఆయన దాని మీద చదివి, ఒక చిటికెడు తీసుకుని, మిగతాది మనకే ఇచ్చేస్తాడు. మనసులో కోరుకున్నది ఆ చక్కెరతో ముడిపడి ఉంటుంది. మామూలుగా ఎవరి మొక్కు వాళ్లదే, ఎవరి పొట్లం వాళ్లదే. కానీ దర్గా అప్పుడప్పుడే తెరిచారు, బయట అంగళ్లు చాలావరకు మూసే ఉన్నాయి. ఉన్న ఒక్క అంగట్లో మాకు ఒక్క పొట్లమే దొరికింది.

“ఇద్దరికీ ఒకటే చాల్లే,” అన్నాడు బావ.

ముజావరు కళ్లు మూసుకుని చదువుతున్నాడు. నేను కొంగు తల మీదికి లాక్కుని, ఆ ఓడలు ఇంక ఎప్పటికీ కదలకూడదు స్వామీ అని మొక్కుకున్నాను. పక్కకు చూస్తే బావ కూడా కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి. అతను ఏం కోరుతున్నాడో నాకు తెలియదా? ఒకే చక్కెర మీద ఇద్దరం ఎదురెదురు కోరికలు కోరాం, పాపం ఆ దర్గా స్వామి ఎవరిది వినాలి? బయటికొచ్చి ఇద్దరం అరచేతుల్లో పోసుకుని తిన్నాం. బావ తన గడ్డానికి అంటిన పలుకులు కూడా తుడుచుకుని నోట్లో వేసుకున్నాడు. నాకు ఉన్నట్టుండి అతని మీద చెప్పలేనంత జాలేసింది. నా మీద కూడా కొంచెం కోపమొచ్చింది. బండెక్కి, హిందూపురం దాకా అతని చొక్కా పట్టుకుని కూర్చున్నాను.

అత్త కంటికి పచ్చ గుడ్డ కట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది. మమ్మల్ని సరిగ్గా చూడలేకపోయినా అడుగుల చప్పుడుకే గుర్తుపట్టింది. బావ వాళ్లన్నకు హిందూపురంలో బట్టల అంగడి ఉంది. అన్నం తినేటప్పుడు అత్త ఆ మాటెత్తింది.

“ఇంక ఆ నీళ్ల మీద బతుకు చాలు గాని, మీ అన్న అంగట్లో కూసో. దుడ్లు తక్కువైతే అయినాయి. ఇంటి అన్నం తినొచ్చు, పెండ్లాం బిడ్డతో ఉండొచ్చు.”

నేను ముద్ద మింగడం మర్చిపోయాను. పన్నెండేళ్లుగా నేను అనలేకపోయిన మాట అత్త ఎంత సులువుగా అనేసింది! బావ కంచంలో చూస్తూ, “అట్లనేలేమా, చూస్తాం,” అన్నాడు. ఒద్దనలేదు, వాదించలేదు. నేను గెలిచాననుకున్నాను. మజ్జిగ వడ్డించేటప్పుడు అత్తకు రెండు గరిటెలు ఎక్కువే పోశాను.

తిన్న తర్వాత ఆరేసిన బట్టలు తీసుకురావడానికి మిద్దె మీదికి పోయాను. పైమెట్టు దాకా పోయేసరికి నవ్వు వినిపించింది. పెద్ద నవ్వు, గొంతు విప్పిన నవ్వు. అది బావ నవ్వని గుర్తుపట్టడానికి నాకు ఒక క్షణం పట్టింది. పిట్టగోడ మీద ఫోను నిలబెట్టి, ఎదురుగా నిటారుగా నిలబడి ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడు. ఫోన్లో ముగ్గురో నలుగురో మొహాలు కనిపిస్తున్నాయి. బావకు ఇంగ్లీషు వచ్చని తెలుసు గాని, అందులో అతను హాస్యాలాడతాడని తెలియదు. చేతులు తిప్పుతున్నాడు, ఎవరినో అనుకరిస్తున్నాడు, అవతలివాళ్లు పడి పడి నవ్వుతున్నారు. ఆ మనిషి నాకు తెలియదు. నా ఇంట్లో నోరెత్తకుండా కండెలు చుట్టే మనిషి లోపల ఇంకొకడున్నాడు. వాడు ఏడాదికి తొమ్మిది నెలలు అక్కడే బతుకుతున్నాడు. నేను బట్టల చాటున నిలబడిపోయాను.

మెల్లగా నవ్వులు ఆగాయి. ఒక్కొక్కరినీ పలకరించాడు. ఫిలిప్పీన్స్ అతను చేపలమ్ముతున్నాడు. ఇండోనేషియా అతను మామగారి పొలంలో కూలికి పోతున్నాడు. ఒకామె మాత్రం ఏమీ చెప్పకుండా కళ్లు తుడుచుకుంది. అప్పుడు ఆ చేపలమ్మే అతను, మీ ఆవిడ ఉత్తరం ఇంకా రాలేదేం అని అడిగాడు. నా అరకొర ఇంగ్లీషుకు కూడా ఆ మాట అర్థమైంది. బావ చెప్పిన జవాబు కూడా అర్థమైంది.

“రాస్తోంది. మా ఆవిడ అంటే మామూలు మనిషి కాదు. మా వీధి మొత్తానికీ అర్జీలు తనే రాస్తుంది. తను రాసిన అర్జీకి పని కాకుండా పోవడం ఇంతవరకు లేదు. మంచి అర్జీకి టైం పడుతుంది. బాగా ఆలోచించి రాస్తోంది. ఓపిక పట్టండి.”

అంతా అబద్ధం. నేను రాసిన అర్జీల్లో సగానికి పైగా ఏ బీరువాలో పడి ఉన్నాయో ఎవరికీ తెలియదు. ఆలోచించి రాస్తున్నానన్నది ఇంకా పెద్ద అబద్ధం. అతనికి అది తెలుసు. రెండు నెలలుగా ఒక్క అక్షరం రాయలేదని తెలిసి, నన్ను వాళ్ల ముందు నిలబెట్టి గొప్ప చెప్పుకుంటున్నాడు. ఆ కళ్లు తుడుచుకున్న ఆమె, “మా పేర్లు కూడా పెట్టమని చెప్పు,” అంది. బావ తప్పకుండా పెడుతుంది అన్నాడు.

నేను బట్టలు తీయకుండానే కిందికి దిగాను. వంటింట్లోకి పోయి, గిన్నెలు సరిగ్గా కడగలేదని పనిమనిషిని ఊరికే కసిరాను. తప్పు చేసినప్పుడు ఎవరినో ఒకరిని కసరకపోతే నాకు పొద్దుపోదు.

మర్నాడు ధర్మవరం వచ్చాక మగ్గం మీద కూర్చోలేదు. గడపలో పీట వేసుకుని, అట్ట మీద తెల్లకాగితం పెట్టుకుని కూర్చున్నాను. చెయ్యి తన అలవాటు ప్రకారం “విషయం: చేనేత కార్మికులకు సాయం గురించి” అని రాసేసింది. కొట్టేసి ఇంకో కాగితం తీసుకున్నాను. ఎవరికి రాయాలి? మా అర్జీలన్నింటికీ పైన ఒక ఆఫీసరుంటాడు, ఆయనకొక ఊరుంటుంది. దీనికి ఊరేది?

“ఏ ప్రభుత్వానికి రాయల్ల బావా?”

నేను రాస్తున్నానని అప్పుడు చూశాడు. చేతిలోని కండె జారి దొర్లిపోయింది. “ఎవరు చదివితే వాళ్లకు,” అన్నాడు.

అట్లాగే రాశాను. ‘ఏ దేశపు ప్రభుత్వం దీన్ని చదువుతుందో ఆ ప్రభుత్వం వారికి’ అని. మా ఇంట్లో తినేవాళ్లం ఎంతమందిమో రాశాను. చేపలమ్మే అతని గురించి, పొలంలో కూలికి పోతున్నతని గురించి, ఏమీ చెప్పలేకపోయిన ఆమె గురించి బావను అడిగి పేర్లతో సహా రాశాను. తర్వాత నా మనసులో ఉన్నది రాశాను. ‘ఓడ కంపెనీలకు సాయం చేయమని నేను అడగలేను. సుఖంగా ఉన్నన్నాళ్లు పన్ను లేని చోటు చూసుకున్నవాళ్లు కష్టం రాగానే మీ తలుపు తట్టడం న్యాయం కాదు. అట్లాగని వాళ్లను ముంచేస్తే ముందు మునిగేది అడుగున ఉన్నవాళ్లు. కాబట్టి ఇస్తే పనివాళ్ల చేతికి ఇవ్వండి. కంపెనీకే ఇవ్వక తప్పదంటే, ఇక మీదట ఏ దేశం అన్నం పెట్టిందో ఆ దేశపు జెండా కట్టుకుని, అక్కడే పన్ను కట్టమని రాయించుకుని ఇవ్వండి.’ ఒక అర్జీలో రెండు కోరికలు కోరడం నా చేతి రాతలో అదే మొదటిసారి.

అక్కడితో సంతకం పెట్టేస్తే బాగుండేది. కానీ కలం ఆగలేదు. కింద ఇంకా రాశాను. ‘ఆ ఓడలు ఇంకెప్పటికీ కదలకూడదని నేను దర్గాలో మొక్కుకున్నాను. నా భర్త నా దగ్గర ఉండాలని నా ఆశ. ఆయన పన్నెండేళ్లుగా వెళ్లిపోతుంటే నేను ఒక్కసారి కూడా వద్దని చెప్పలేదు. అయినా ఆయనకు ఆ పని అంటే ప్రాణం. ఆ పనిలో ఆయన ఎట్లా నవ్వుతాడో నేను చూశాను. కాబట్టి నా మొక్కును లెక్కలోకి తీసుకోవద్దని మనవి.’

ఇది తెలుగులో రాసిన అర్జీ. పై దేశాలకు పోవాలంటే ఇంగ్లీషు చేయాలి. చేయాల్సింది బావే. ఆ సంగతి నాకు సంతకం పెట్టి కాగితం అతని చేతికిచ్చాకే తట్టింది. మళ్లీ లాక్కుందామని చెయ్యి చాపాను. అతను అప్పటికే నా పక్కన కూర్చుని, ఫోను మోకాలి మీద పెట్టుకుని, ఒక్కో వాక్యం చదువుకుంటూ టైపు చేస్తున్నాడు. నేను లేచి పోలేదు. పోయినా ఎక్కడికి పోతాను, మా ఇంట్లో ఉన్నవే రెండు గదులు.

జెండా సంగతి దగ్గర నవ్వాడు. పేర్ల దగ్గర స్పెల్లింగు సరిచూసుకున్నాడు. చివరి ముక్క దగ్గరికి వచ్చేసరికి వేళ్లు ఆగిపోయాయి. ఒకసారి చదివాడు, మళ్లీ చదివాడు.

“ఇది కూడా పంపల్నా?” అన్నాడు తలెత్తకుండా.

“తీసేయి బావా. ఏదో రాసినా. అర్జీలో అట్లాంటివి రాయగూడదు.”

“తీసేయను,” అన్నాడు. చాలాసేపు పట్టింది అతనికి ఆ ఆరు వాక్యాలు ఇంగ్లీషు చేయడానికి. ఫోను అద్దం మీద నీళ్లు పడితే చొక్కాతో తుడుచుకుని మళ్లీ టైపు చేశాడు. నేను అతని భుజానికి తల ఆనించుకుని కూర్చున్నాను. పగటిపూట, వీధి తలుపు తీసి ఉండగా, మా వీధిలో ఎవరూ అట్లా కూర్చోరు. ఎవరు చూసుకుంటే నాకేమని కూర్చున్నాను.

ఆ అర్జీని ఎవరు చదివారో నాకు తెలియదు. జవాబేమీ రాలేదు. ఏదో దేశం కొంత సాయం చేసిందన్నారు, ఏదో దేశం చేయనందన్నారు. కొన్ని ఓడలు పాత ఇనుముకు పోయాయి. బావ రోజూ ధర్మవరంలోని పాత అంగడికి పోయి చీరలు మడతపెట్టి వచ్చేవాడు. వాళ్లన్న అంగట్లో చేరడం గురించి అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ తర్వాత ఒక్కో ఓడ కదలడం మొదలుపెట్టింది. ఫోన్లో వాటి బొమ్మలు వచ్చేవి. బావ చూసి, నాకు చూపించకుండా జేబులో పెట్టుకునేవాడు.

ఒకరోజు పొద్దున నేను మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాను. పాప బడికి పోయింది. బావ వచ్చి గుంట అంచున చతికిలబడి కూర్చున్నాడు. అంగడికి పోయే టైమైనా పోలేదు. నేను నేయడం ఆపి చూశాను.

“పిలుపొచ్చింది,” అన్నాడు.

“ఎప్పటికి?”

“వచ్చే నెల ఆఖరుకంట.”

“సంతకం పెట్టేసినావా?”

“ల్యా.” నేలమీద పడిన పోగు ముక్క తీసి వేలికి చుట్టుకుంటూ, “నిన్నడిగి పెడదామని,” అన్నాడు. “పోవాల్నా, ఒద్దా? నువ్వేమంటే అదే. నువ్వు ఒద్దంటే అన్న అంగట్లో కూసుంటా. నేను బాధపడను. నిజంగా అంటాండా.”

నిజంగానే అంటున్నాడు. అతని మొహం చూస్తే తెలుస్తోంది. ఒద్దు అనే మాట నా నాలుక మీద పన్నెండేళ్లుగా తయారుగా ఉంది. ఒక్కసారి నోరు తెరిస్తే చాలు. అతను నా మొహం వైపే చూస్తున్నాడు, తొందర పెట్టడం లేదు. పక్కింట్లో మగ్గం చప్పుడు వినిపిస్తోంది.

“పో బావా,” అన్నాను.

నేనేనా అట్లా అన్నది అనిపించింది. అతనూ నమ్మలేక, “నిజమేనా?” అని రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ పొమ్మనే చెప్పాను. తర్వాత మొహం మగ్గం వైపు తిప్పుకుని నేస్తూ పోయాను. రెండు పోగులు తెగాయి.

అతను పోయాక చాలామంది అడిగారు, చేతికి అందిన మనిషిని ఎందుకు పంపించావని. అత్తయితే నెల రోజులు నాతో మాట్లాడలేదు. వాళ్లకు ఏం చెప్పను? బావ ఆ రోజు కూడా ఎప్పటిలాగా సంతకం పెట్టేసి, పేడాల డబ్బా పట్టుకుని వచ్చి ఉంటే, దేవుడి తోడు, గడపకు అడ్డంగా పడుకునైనా ఆపేదాన్ని. నన్ను అడిగాడు. అందుకే పొమ్మన్నాను.